మెషీన్ బాగుంది

ఉదయం ఏడూ నలభైకి క్లిప్పులక్క ఆ రోజు మొదటి గుండెను పరీక్షిస్తుంది. ఆ గుండె ఆమెదే.

ఆసుపత్రి కింది అంతస్తులో, మందులిచ్చే కిటికీకీ మెట్లకీ మధ్య ఉన్న చిన్న గదిలో ఆమె ఈసీజీ తీస్తుంది. గదిలో ఒక మంచం, ఒక తెర, చక్రాల బల్ల మీద మెషీను. రోగులను పిలిచే ముందు మెషీను సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవాలని అక్కడి నియమం. అందుకని రోజూ తన రెండు చేతులకీ రెండు కాళ్లకీ నాలుగు క్లిప్పులు తగిలించుకుని, కుర్చీలో వెనక్కి వాలి, మీట నొక్కుతుంది. జానెడు కాగితం బయటికొస్తుంది. గీత వణక్కుండా వచ్చిందా, మొదట్లో పడే కొలత గుర్తు పది చిన్న గళ్ల ఎత్తు ఉందా, సిరా మచ్చలేవైనా ఉన్నాయా, ఈ మూడూ చూస్తుంది. కాగితాన్ని రిజిస్టరులో అంటించి, పక్కన 'మెషీన్ బాగుంది' అని రాసి సంతకం పెడుతుంది. ఆ తర్వాత తలుపు తీసి మొదటి రోగిని పిలుస్తుంది. పంతొమ్మిదేళ్లుగా ఇదే వరస.

ఆమెకు యాభై రెండేళ్లు. వార్డుల్లోకి వెళ్లేటప్పుడు వైర్లు మెడలో దండలా వేసుకుని పోతుంది కాబట్టి డాక్టర్లతో సహా అందరూ క్లిప్పులక్క అనే పిలుస్తారు. 'తీయడం మన పని, చదవడం వాళ్ల పని' అని కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే చెబుతుంది. రోగి ఎంత బతిమాలినా "డాక్టరుగారు చెబుతారండీ" అనడమే తప్ప ఇంకో మాట రాదు. అయితే పంతొమ్మిదేళ్లు అవే గీతలు చూసిన కంటికి చదవడం రాకుండా ఎలా ఉంటుంది? కాగితం సగం బయటికి రాగానే ఆపద పసిగట్టి, ఆ సగమే చింపుకుని ఎమర్జెన్సీకి పరుగెత్తిన రోజులు చాలానే ఉన్నాయి.

ఇంట్లో మాత్రం ఆమెకు ఏదీ పూర్తిచేయదన్న పేరుంది. టైపు మధ్యలో మానేసింది. డిగ్రీ రెండో ఏడుతో ఆగింది. పద్నాలుగేళ్ల కింద మొదలెట్టిన స్వెట్టరుకు ఇప్పటికీ ఒకటే చెయ్యి. అన్నదమ్ములిద్దరి సంసారాలూ ఒకే ఇంట్లో కిందా పైనా ఉంటాయి కాబట్టి ఈ సంగతులు గుర్తుచేసేవాళ్లకు కొదవ లేదు.

ఒకరోజు సాయంత్రం పై అంతస్తు నుంచి తోడికోడలు ఒక కాగితం పట్టుకుని దిగింది. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తుంది.

"అక్కా, ఇరవై ఒక్క కిలోమీటర్లు. పరుగెత్తక్కర్లేదు, నడిచినా ఒప్పుకుంటారట. మూడున్నర గంటల్లో చేరాలి, అంతే. పేరిచ్చేద్దామా?"

"నీకేం పోయేకాలమే. మేడ మెట్లెక్కితేనే రొప్పుతావు."

"అందుకే అంటున్నా. రోజంతా పక్క సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలేసుకుని ఉంటాను. ఎవడో ఒకడు గోడ మీదికి పోతుంటే తొక్కడం తప్ప ఈ కాలికి ఇంకో పని లేదు."

క్లిప్పులక్క భర్త లిఫ్టులు బాగుచేస్తాడు. భోజనం చేస్తున్న కంచంలోంచి తలెత్తకుండానే అన్నాడు. "దాన్ని హాఫ్ మారథాన్ అంటారమ్మా. సగమే. మీ అక్కకి సరిగ్గా సరిపోతుంది."

తోడికోడలు పడీపడీ నవ్వింది. క్లిప్పులక్క నవ్వలేదు. ఆ కాగితం లాక్కుని, పెన్ను తెప్పించుకుని, ముందు తన పేరు రాసింది. ఈ ఒక్కదాన్నీ చివరిదాకా తీసుకెళ్తానని ఎవరితోనూ అనలేదు. అలా అన్న పనులన్నీ ఏమయ్యాయో ఆమెకు తెలుసు.

ఆసుపత్రి ఫిజియో పదహారు వారాల పట్టిక రాసిచ్చాడు. దాన్ని ఈసీజీ గది తలుపు వెనక అంటించుకుంది. మొదటి ఆదివారం మూడు కిలోమీటర్లు. తోడికోడలికి బూటు కరిస్తే, ఆఖరి అర కిలోమీటరు ఆ బూటు చేత్తో పట్టుకుని నడిచింది. నాలుగో వారానికి ఏడు కిలోమీటర్లయింది. ఇంటి నుంచి బస్సు డిపో గోడ వెంబడి, రైలు పట్టాల మీది వంతెన ఎక్కి దిగి, కలప అడితీల మీదుగా మళ్లీ ఇంటికి. తోడికోడలు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంటుంది. ఎవరు గేరుకి బదులు హ్యాండ్ బ్రేకు లాగారో, ఎవరు అద్దంలో వెనక చూడకుండా జుట్టు సరిచేసుకున్నారో ఆ కథలన్నీ. వంతెన ఎక్కేటప్పుడు మాత్రం క్లిప్పులక్కకు కాస్త గొంతు బిగిసినట్టుండేది. అడుగు తగ్గించేది.

"గేరు మార్చు అక్కా, ఎత్తు మీద మూడో గేరులో పోతే బండి దగ్గుతుంది."

"నోరు మూసుకుని నడిస్తే నీకూ దమ్ము మిగులుతుంది."

పదో ఆదివారం పదిహేను కిలోమీటర్లు నడిచారు. రెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు పట్టింది. ఈ లెక్కన ఇరవై ఒకటీ మూడున్నర గంటల్లో అయిపోతుంది. మర్నాడు ఈసీజీ గది తాళం తీస్తూనే క్లిప్పులక్క తలుపు వెనక పట్టికలో ఆ వారాన్ని కొట్టేసింది. మొదలుపెట్టిన పని అంత దూరం వెళ్లడం ఆమెకే వింతగా ఉంది.

పదకొండో వారం నిర్వాహకులు ఒక ఫారం పంపారు. యాభై దాటినవాళ్లు ఈసీజీ జతచేసి, డాక్టరు సంతకం పెట్టించాలి.

"ఇంకేం, ఇంట్లో బావి పెట్టుకుని దాహానికి ఏడ్చినట్టు" అంది తోడికోడలు. "నీ గదే కదా."

సోమవారం ఏడూ నలభైకి రోజూలాగే తన కాగితం తీసి, అంటించి, సంతకం పెట్టింది. రాత్రి డ్యూటీ చేసి ఇంటికి బయల్దేరుతున్న టెక్నీషియన్‌ను ఆపింది. ఆయనకు రిటైరవడానికి ఏడు నెలలుంది. అందరికీ తాతగారు.

"తాతగారూ, ఒక్క ఐదు నిమిషాలు. నాకు పూర్తి ఈసీజీ తీసిపెట్టండి. ఫారానికి కావాలి."

"పరుగులాటకా? పడుకో."

పంతొమ్మిదేళ్లలో ఆ మంచం మీద పడుకోవడం అదే మొదటిసారి. పైకప్పు మీద చెమ్మ మరక ఉందని అప్పుడే తెలిసింది. తాతగారు కాళ్లకీ చేతులకీ క్లిప్పులు పెట్టి, ఛాతీ మీద ఆరు చోట్ల జెల్ రాసి గాలి పీల్చి పట్టుకునే రబ్బరు బల్బులు అంటించి మీట నొక్కాడు. కాగితం వచ్చింది. ఆయన దాన్ని చూసి, ఆమె చేతుల వంక చూసి, కాళ్ల వంక చూశాడు.

"ఏంటండీ?"

"ఏం లేదు. ఎర్ర క్లిప్పూ ఆకుపచ్చ క్లిప్పూ తారుమారు చేసినట్టున్నా. రాత్రంతా నిద్ర లేదు."

తారుమారు కాలేదు. ఎర్రది కుడి చేతికే ఉంది, ఆకుపచ్చది ఎడమ కాలికే ఉంది. ఆయన రెండూ తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. రెండో కాగితమూ అలాగే వచ్చింది. వెళ్లి ఎమర్జెన్సీ నుంచి ఇంకో మెషీను తోసుకొచ్చాడు. మూడోదీ అంతే.

"మీకు వయసైపోయింది తాతగారూ, ఇటివ్వండి" అంటూ ఆమె లేచి కూర్చుని కాగితం అందుకుంది. కళ్లు అలవాటుగా కాగితం మీద పరుగుతీశాయి. నోరు కూడా అలవాటుగానే అంది. "ఈ పేషెంటుకి పాత ఎటాక్ ఉంది. కింది గోడకి."

తాతగారు మెషీను ఆపేశాడు.

ఆమె కాగితం పైన పేరు కోసం చూసింది. పేరు రాసే చోట ఖాళీగా ఉంది. ఛాతీ మీద బల్బులు ఇంకా అంటుకునే ఉన్నాయి.

బయట వరసలో ఎవరో తలుపు కొట్టారు. తాతగారు తల బయటపెట్టి "ఆలస్యమవుతుంది, కూర్చోండి" అని మళ్లీ మూశాడు. ఆమె మంచం దిగి, వైర్లు ఈడ్చుకుంటూనే బల్ల దగ్గరికి వెళ్లి రిజిస్టరు తెరిచింది. ఆ ఉదయం అంటించిన కాగితం జిగురు ఇంకా ఆరలేదు. అందులోనూ ఉంది. మూడో వరసలో, ఆరో వరసలో, గీత పైకి లేచే ముందు లోతుగా ఒక గుంట. దాని పక్కన ఆమె చేతిరాత, మెషీన్ బాగుంది.

శనివారం కాగితంలో ఉంది. శుక్రవారం ఉంది. పది పేజీలు వెనక్కి తిప్పింది. ఉంది. తాతగారు బీరువా నుంచి పోయినేటి రిజిస్టరు తెచ్చాడు. ఉంది. పైన తనిఖీవాళ్లు వేసిన ముద్ర కూడా ఉంది. 'రికార్డు నిర్వహణ ఆదర్శప్రాయం.' ఆ మాటకి అప్పట్లో మెషీన్ల ఇంజనీరు అందరికీ టీ తెప్పించాడు. ఆయన వారం వారం సంతకాలూ వరసగా ఉన్నాయి.

అంతకు ముందు ఏడాది రిజిస్టరు తెరిచారు. ఇద్దరూ ఒక్కొక్క పేజీ తిప్పుతూ వెనక్కి పోయారు. నవంబరు పదో తారీఖు సోమవారం దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది. ఎనిమిదో తారీఖు శనివారం గీత ఎవరికైనా చూపించదగ్గంత చక్కగా ఉంది. తొమ్మిది ఆదివారం, సెలవు. సోమవారం కాగితంలో గీత దిగాల్సిన చోట దిగలేదు. పైనే గుట్టలా నిలబడిపోయింది.

అలాంటి కాగితం వేరెవరిదైనా అయితే ఆమె చింపుకుని పరుగెత్తి ఉండేది. పక్కన ఉన్న పట్టికలో చూస్తే ఆ రోజు ముప్పై ఎనిమిది మందికి తీసినట్టుంది. అందులో పదిహేడో మనిషి పేరు పక్కన ఎర్ర పెన్నుతో 'ఎమర్జెన్సీకి చేర్చాను' అని ఉంది. ఆ మనిషి ఆమెకు బాగా గుర్తు. రంగులు వేసే పనివాడు, చొక్కా నిండా నీలం మరకలు. వాడి కాగితం పట్టుకుని మెట్ల మీద పరుగెత్తింది. వాడు బతికాడు. ఆ ఉదయం తన కాగితానికి జిగురు రాసి, గుడ్డతో అద్ది, సంతకం పెట్టింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా..." అని మొదలుపెట్టి తాతగారు ఆపేశాడు. ఆ రిజిస్టరులో రాత్రి డ్యూటీ గడిలో ఆయన సంతకాలూ ఉన్నాయి.

గుండె డాక్టరమ్మ రిజిస్టరును తన బల్ల మీద తెరిచి చాలాసేపు చూసింది.

"ఇది తీసింది ఎన్నింటికి?"

"ఏడూ నలభైకండీ."

"చూసింది ఎవరు?"

"నేనే."

"అప్పటికి మీకు గుండెపోటు వచ్చి ఒక రోజు కూడా కాలేదు. ఇంకా నడుస్తోంది. మీకు తెలుస్తోందా?" డాక్టరమ్మ పక్కనున్న చేతిరాత మీద వేలు పెట్టింది. "ముందు రోజు ఆదివారం ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదండీ." తర్వాత గుర్తొచ్చింది. "నీళ్ల ట్యాంకు కడిగాం. నాకు కడుపులో తిప్పింది, చెమట్లు పట్టాయి. దవడ నొప్పి. పన్ను అనుకున్నాను."

"తర్వాత?"

"సోమవారం డ్యూటీ అయ్యాక పీకించుకున్నాను."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "గుండెపోటు వచ్చిన మర్నాడు పన్ను పీకించుకున్నారు."

"పుచ్చిందనుకున్నానండీ."

"పుచ్చిందా?"

"కొంచెం."

డాక్టరమ్మ స్కానింగు కాగితం రాస్తూ అడిగింది. "ఈ మధ్య నడిస్తే ఆయాసం ఏమైనా వస్తోందా? ఎంత దూరం నడవగలుగుతున్నారు?"

"నిన్నటికి పదహారండీ."

"పదహారు మీటర్లా?"

"కిలోమీటర్లు. వచ్చే ఆదివారం పద్దెనిమిది."

డాక్టరమ్మ మొహంలో రంగు మారింది. రాసే చెయ్యి అలాగే ఉండిపోయింది. క్లిప్పులక్క పంతొమ్మిదేళ్లలో డాక్టరమ్మను అలా చూడలేదు. రోగులు పోయినప్పుడు కూడా ఆవిడ రాత ఆగేది కాదు.

స్కానింగులో గుండె కింది గోడ బద్ధకంగా కదులుతోందని తేలింది. రక్తాన్ని తోసే శక్తి నూటికి యాభై ఐదు ఉండాల్సింది నలభై ఎనిమిదే ఉంది. మణికట్టు నుంచి సన్నని తీగ పంపి చూస్తే కుడివైపు రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉంది. పక్క నాళం నుంచి వెంట్రుకల్లాంటి దారులు వచ్చి దాని పని కొంత చేస్తున్నాయి. మిగతా రెండూ శుభ్రంగా ఉన్నాయి. మూసుకుపోయిన దాన్ని ఇప్పుడు తెరిచి లాభం లేదన్నారు. నాలుగు రకాల మాత్రలు రాశారు. మూడు నెలలు ఇంటి చుట్టూ తప్ప ఎక్కడికీ నడవొద్దన్నారు.

"మరి ఆ ఇరవై ఒకటి?" అని అడిగింది క్లిప్పులక్క. ఐదు వారాల్లో ఉంది.

"ఈసారి వద్దు."

"వచ్చేసారి?"

"ముందు ఈ మాత్రలు అలవాటు కానివ్వండి. వచ్చేసారి సంగతి ఏడాది తర్వాత మాట్లాడదాం. రాసివ్వమంటే ఇప్పుడే రాసివ్వలేను." వద్దని మాత్రం ఖాయంగా అనలేదు. క్లిప్పులక్క ఆ తేడా పట్టుకుంది.

ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు తోడికోడలు మెట్ల మీదే కూలబడింది.

"ఆ ఆదివారం నేనేమన్నానో గుర్తుందా అక్కా?"

"లేదు."

"నాకుంది. ట్యాంకు మీంచి నువ్వు దిగిపోతుంటే, 'ఏంటి, సగంలో దిగిపోతున్నావు, అలవాటేగా' అన్నాను."

"అంటే ఏమైంది. రోజూ అనేదేగా."

"ఆ పైపు ఇంకా నాలుగుసార్లు ఎత్తించాను నీతో. తర్వాత గానీ దిగనివ్వలేదు."

పన్ను పీకించుకున్న రోజు ఆమెను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది భర్తే. దారిలో లిఫ్టు మోటారు గురించి చెప్పుకుంటూ వచ్చాడు. ఇప్పుడీ సంగతి విన్న మర్నాడు ఉదయం పనికి వెళ్లి, ఎవరూ అడక్కుండానే తన కింద ఉన్న లిఫ్టులన్నీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాడు. మొత్తం ఇరవై ఏడు. నెలనెలా తాళ్లు చూసి కాగితం మీద టిక్కు పెట్టి సంతకం చేసే లిఫ్టులే. పదకొండో లిఫ్టు ఇనప తాడులో మూడు పోగులు తెగి ఉన్నాయి. తుప్పు పట్టిన తీరు చూస్తే తెగి నిన్నా మొన్నా కాలేదు. పోయిన నెల కాగితంలో ఆ తాడు పక్కన టిక్కు ఉంది. కింద అతని సంతకం ఉంది. లిఫ్టు ఆపి బోర్డు తగిలించాడు. ఎనిమిదో అంతస్తు నుంచి ఒక పెద్దాయన మెట్లు దిగుతూ తిడుతుంటే మెట్ల గదిలో నిలబడి విన్నాడు. రాత్రి ఆమెకు చెప్పింది ఆ తిట్ల సంగతే. తాడు సంగతి నెల తర్వాత చెప్పాడు.

ఆసుపత్రిలో ఈ కబురు మూడు రోజుల్లో అన్ని అంతస్తులకూ పాకింది. మొదట అందరూ క్లిప్పులక్క గదికి వచ్చి రిజిస్టరు చూసి నోటి మీద చెయ్యేసుకుని పోయారు. తర్వాత తమ తమ గదుల్లో తమ రిజిస్టర్లు తెరవడం మొదలైంది. రెండో అంతస్తు నర్సు రోజూ ఉదయం బీపీ మెషీనును తన చేతికే కట్టుకుని సరిచూస్తుంది. ఎనిమిది నెలలుగా నూట అరవై, నూట డెబ్భై అని తన చేత్తోనే రాసుకుంటూ వచ్చింది. పక్కన 'పనిచేస్తోంది' అని ఉంది. లేబులో చక్కెర కొలిచే మెషీనును తన వేలు గుచ్చి పరీక్షించే ఆయనకు రెండొందల పది. అడిగితే, "రోజూ ఒకేలా వస్తోంది కదా, మెషీను నిలకడగా ఉందనుకున్నాను" అన్నాడు. డాక్టరమ్మ ఈ మాట విని కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

ఐదు వారాలు గడిచాయి. తోడికోడలు తనూ వెళ్లనంది. క్లిప్పులక్క తిట్టి పంపించింది. పదకొండో కిలోమీటరు దగ్గర ఆగిపోయి బస్సెక్కి తిరిగొచ్చింది ఆవిడ.

"కాలు నొప్పా?"

"కాదు. పక్కన వినేవాళ్లు లేకపోతే నాకు నడక రాదు."

మూడు నెలల తర్వాత ఫిజియో మళ్లీ పట్టిక రాశాడు. ఈసారి కిలోమీటర్ల పక్కన ఇంకో గడి ఉంది, నాడి. డాక్టరమ్మ నూట పది దాటొద్దంది. క్లిప్పులక్క మణికట్టుకి నాడి చూపించే గడియారం కట్టుకుంది. మొదటి వారం ఇంటి ముందు వీధి చివరిదాకా వెళ్లి రావడానికే నూట ఐదు చూపించింది. ఒకప్పుడు పదహారు కిలోమీటర్లు నడిచిన మనిషి, వీధి మలుపులో స్తంభం పట్టుకుని నిలబడి, అంకె తగ్గేదాకా ఎదురుచూసింది. ఎదురింటి కుక్క వాసన చూసి వెళ్లిపోయింది.

నెలలు గడిచేకొద్దీ అదే నాడికి దూరం పెరిగింది. తొమ్మిదో నెలకు నూట పది దాటకుండా కిలోమీటరుకు పదకొండు నిమిషాలు పట్టింది. అంతకన్నా తగ్గలేదు. ట్రెడ్‌మిల్ పరీక్ష చేశారు. కొత్తగా తేడా ఏమీ కనబడలేదు. మళ్లీ ఫారం వచ్చింది. డాక్టరమ్మ మూడు రోజులు తన దగ్గరే ఉంచుకుని నాలుగో రోజు సంతకం పెట్టింది. కింద ఒక వాక్యం రాసింది. 'నడక మాత్రమే. నాడి 110 దాటరాదు.'

తోడికోడలు వేళ్ల మీద లెక్క వేసింది. "ఇరవై ఒకటిని పదకొండుతో గుణిస్తే మూడు గంటల యాభై నిమిషాలు దాటుతుంది అక్కా. వాళ్లిచ్చేది మూడున్నరే. ఎలా చూసినా అందదు."

"తెలుసు."

"మరి వెళ్లడం ఎందుకు?"

"వాళ్లు ఆపేది గడియారాన్ని. రోడ్డునైతే చుట్టచుట్టి పట్టుకుపోరు కదా."

ఆదివారం ఉదయం ఐదున్నరకు అందరికన్నా వెనక వరసలో నిలబడ్డారు. పదో కిలోమీటరు గంటా యాభై నిమిషాలకు వచ్చింది. తోడికోడలు నాలుగుసార్లు వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు, మెల్లగా వచ్చే ఒక వ్యాను తప్ప.

"ఇప్పుడు కాస్త తొక్కితే ఏమో అక్కా. మిగతావి తొమ్మిదేసి నిమిషాల్లో లాగేస్తే అందుకుంటాం."

క్లిప్పులక్క మణికట్టు తిప్పి చూపించింది. నూట తొమ్మిది. తోడికోడలు ఆ అంకె వంక చూసి, ఇంక ఆ మాట ఎత్తలేదు. కాసేపటికి, ఒకడు పరీక్ష రోజు అధికారి ఇంటి గేటునే గుద్దిన కథ మొదలుపెట్టింది.

సరిగ్గా మూడున్నర గంటలు నిండేసరికి వాళ్లు పంతొమ్మిదో కిలోమీటరు రాయి దాటారు. వ్యాను ముందుకొచ్చి అడ్డంగా ఆగింది. పసుపు కోటు వేసుకున్న మనిషి దిగాడు.

"అమ్మా, టైమైపోయింది. బండెక్కండి. ముగింపు దగ్గర దింపేస్తాం."

"ఇంకెంతుంది బాబూ?"

"రెండు కిలోమీటర్లు. రోడ్డు మీద బళ్లు వదిలేస్తున్నారు. ఇంక నడిచినా లెక్కలోకి రాదమ్మా."

"రాకపోతే పోనీ. ఫుట్‌పాత్ మీద వెళ్తాం."

"నంబరు గుడ్డ ఇచ్చెయ్యాలి మరి."

క్లిప్పులక్క పిన్నులు తీసి ఇచ్చింది. తోడికోడలు కూడా ఇచ్చి, "బండి అలా అడ్డంగా ఆపకు నాయనా, ఇండికేటరైనా వెయ్యలేదు. ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది. ఆ మనిషి వ్యాను తలుపు పట్టుకుని వాళ్లు ఫుట్‌పాత్ ఎక్కడం చూస్తూ నిలబడ్డాడు.

వాళ్లు చేరేసరికి గాలితో నింపిన తోరణాన్ని నేల మీద పరిచి, మీద నడుస్తూ గాలి తీస్తున్నారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. రోడ్డు మీద తెల్ల గీత మాత్రం మిగిలింది. గీత పక్కన క్లిప్పులక్క భర్త మొబైల్లో టైము చూసుకుంటూ నిలబడ్డాడు. ఆమె గీత దాటగానే అతను నొక్కి టైము ఆపాడు. తర్వాత మొబైల్ ఆమె వైపు తిప్పి చూపించాడు.

సాయంత్రం నిర్వాహకులు పెట్టిన ఫలితాల్లో ఇద్దరి నంబర్ల ఎదురుగా 'పూర్తి చేయలేదు' అని ఉంది. ఫిజియో పట్టికలో ఆఖరి గడిని క్లిప్పులక్క తన చేత్తో నింపింది. 21.1 కిలోమీటర్లు. మూడు గంటల యాభై రెండు నిమిషాలు. అత్యధిక నాడి 109.